మగ్గం వెంట – 9: మసాచుసెట్స్ తీరం, భివండి సాంచాలు

పోయిన భాగమంతా లాంకషైర్ ఊళ్లలో తిరిగాం. ఈసారి అట్లాంటిక్ దాటి అమెరికా ఈశాన్య తీరంలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి పోదాం. తిరుగు దారిలో ఠాణే జిల్లా భివండిలో, మన పద్మశాలీల పద్మానగర్‌లో ఆగుదాం. ఎక్కడి మసాచుసెట్స్, ఎక్కడి భివండి అని పాఠకులకు అనిపించవచ్చు. మరమగ్గం ఒక ఊరికి రావడం, ఆ ఊరిని పెంచడం, చవక కూలి వెతుక్కుంటూ మళ్లీ ఆ ఊరినే వదిలిపోవడం, ఈ మూడు అంకాలూ మొదటి నుంచి చివరిదాకా జరిగిపోయిన చోటు మసాచుసెట్స్. భివండిలో మూడో అంకం ఇప్పుడు మన కళ్ల ముందే నడుస్తోంది. అందుకే ఆ రాష్ట్రం కథ మన నేతకారులు తప్పక తెలుసుకోవాల్సిందని నా నమ్మకం.

ముందు ఆ రాష్ట్రాన్ని ఒకసారి చుట్టి వద్దాం. మసాచుసెట్స్ చిన్నది. నీటి భాగాన్ని కలుపుకున్నా 27 వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే తెలంగాణలో నాలుగో వంతు. 2020 జనగణన నాటికి జనాభా 70 లక్షలు. ఉత్తర తీరాన గ్లోస్టర్, సేలం, నడుమ బోస్టన్, దక్షిణాన న్యూ బెడ్‌ఫర్డ్, ఫాల్ రివర్. తూర్పున మోచెయ్యి మడిచి సముద్రంలోకి చాచినట్టు కేప్ కాడ్. వాంపనోగ్, మసాచుసెట్ వంటి తెగలు వేల ఏళ్లుగా బతికిన ఈ తీరంలో 1620లో ప్లిమత్ దగ్గర ఇంగ్లండు వలసదారులు దిగారు. 1630లో బోస్టన్ పుట్టింది. స్థానిక తెగలు రోగాలతో, యుద్ధాలతో చితికిపోయాయి. రాష్ట్రానికి మాత్రం వాళ్ల పేరే నిలిచింది. 1773లో బోస్టన్ రేవులో ఈస్టిండియా కంపెనీ తేయాకు పెట్టెల్ని నీళ్లలో పారబోసిన సంగతి బడి పుస్తకాల్లోనే చదువుకున్నాం. 1780లో రాసుకున్న రాష్ట్ర రాజ్యాంగమే సవరణలతో ఇప్పటికీ అక్కడ అమల్లో ఉంది. 1788లో అది ఆరో రాష్ట్రంగా కొత్త సమాఖ్యలో చేరింది.

నేల రాళ్లమయం, చలికాలం దీర్ఘం. సేద్యంతో గడవదు. అందుకని జనం సముద్రం మీద పడ్డారు. గ్లోస్టర్ వాళ్లు కాడ్ చేపలు పట్టారు. న్యూ బెడ్‌ఫర్డ్ వాళ్లు తిమింగలాల వేటతో కోటీశ్వరులయ్యారు. సేలం నావికులు హిందూ మహాసముద్రం దాకా వచ్చారు. ఆశాంతరీపాన్నో కేప్ హార్న్‌నో చుట్టి వచ్చిన కెప్టెన్లు 1799లో సేలంలో ఈస్ట్ ఇండియా మెరైన్ సొసైటీ పెట్టుకుని, తూర్పు దేశాల నుంచి తెచ్చిన వస్తువులతో ఒక ప్రదర్శనశాల నడిపారు. వాళ్ల ఓడల్లో మన మిరియాలు, నీలిమందు, నూలు బట్టలు పోయేవి. మద్రాసు రుమాళ్లకు అట్లాంటిక్ రేవుల్లో మంచి గిరాకీ. తర్వాతి కాలంలో ఆ రకం రుమాళ్లకు చీరాల మగ్గాలు పేరుపడ్డాయని మన పాఠకులకు తెలుసు.

ఇంకో రాకపోక గురించి చెప్పకుండా ముందుకు పోలేను. బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ 1833లో మంచినీటి చెరువుల్లో గడ్డకట్టిన మంచును రంపాలతో కోయించి, టస్కనీ అనే ఓడలో కలకత్తాకు పంపాడు. 180 టన్నులు ఎక్కిస్తే నాలుగు నెలల ప్రయాణం తర్వాత నూరు టన్నుల దాకా కరగకుండా దిగింది. ఆ వ్యాపారం కోసమే 1842 ప్రాంతంలో మద్రాసు సముద్రపు ఒడ్డున ఐస్ హౌస్ కట్టారు. 1893లో చికాగో సభలకు ముందు మసాచుసెట్స్‌లో కొన్నాళ్లున్న వివేకానందుడు, 1897లో దేశానికి తిరిగివచ్చి మద్రాసులో బస చేసింది ఆ భవనంలోనే. ఇప్పుడది వివేకానందర్ ఇల్లం. మెరీనాకు పోయే తెలుగువాళ్లు దాని ముందు నుంచి నడిచిపోతూనే ఉంటారు.

ఇక మగ్గం దగ్గరికి వద్దాం. బోస్టన్ వ్యాపారి ఫ్రాన్సిస్ కాబట్ లొవెల్ 1810 నుంచి 1812 దాకా బ్రిటన్‌లో ఉండి లాంకషైర్ మిల్లుల్ని శ్రద్ధగా చూశాడు. యంత్రాల నమూనాలు దేశం దాటించకూడదని అప్పటి బ్రిటిష్ చట్టం. కాగితం మీద గీసుకుంటే రేవులో పట్టుబడతాడు. చూసింది మనసులో పెట్టుకుని ఇంటికొచ్చి, పాల్ మూడీ అనే మెకానిక్ సాయంతో మగ్గాన్ని తిరిగి కట్టించాడు. 1814లో చార్లెస్ నది ఒడ్డున వాల్థమ్‌లో ఆ మిల్లు నడిచింది. పత్తి బేలు ఒక వాకిట లోపలికి పోతే, బట్ట తాను ఇంకో వాకిట బయటికి వచ్చే ఏర్పాటు. దూది ఏకడం, వడకడం, నేయడం అంతా ఒకే కప్పు కింద.

ఇక్కడే మన చరిత్ర పుస్తకాలు సరిగా పట్టించుకోని మలుపు ఒకటుంది. మన నేత బతుకు కూలిన కథ చెప్పేటప్పుడు మాంచెస్టర్ దగ్గరే ఆగిపోతాం. లొవెల్ మగ్గం నిలదొక్కుకోవడానికి అడ్డొచ్చిన సరుకుల్లో మన ముతక నూలు బట్ట ముందువరసలో ఉంది. సేలం, బోస్టన్ ఓడలు దాన్ని కారుచౌకగా తెచ్చి అమ్మేవి. లొవెల్ స్వయంగా వాషింగ్టన్ వెళ్లి శాసనకర్తలతో మాట్లాడాడు. 1816 సుంకాల చట్టంలో ఒక నిబంధన చేరింది. దిగుమతి నూలు బట్ట గజం ఎంత తక్కువకు కొన్నా 25 సెంట్లు ఖరీదు చేసినట్టే లెక్కగట్టి, దాని మీద 25 శాతం సుంకం వేయాలి. నాణ్యమైన ఇంగ్లీషు బట్టకు అది మామూలు సుంకమే. చవకైన మన బట్టకు మాత్రం పిడుగుపాటు. ఇండియా వ్యాపారం మీద బతికే మసాచుసెట్స్ ఓడ వర్తకులే దాన్ని వ్యతిరేకించారు, గెలవలేకపోయారు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసినప్పుడు అంతా ఉలిక్కిపడ్డాం. ఆ దారి రెండు వందల ఏళ్ల కిందటే పడిందని గుర్తుచేయడానికే ఇదంతా చెప్పాను.

లొవెల్ 1817లో చనిపోయాడు. అతని భాగస్వాములు మెరిమాక్ నది మీద, పాటకెట్ జలపాతం దగ్గర కాలువలు తవ్వి 1823లో కొత్త మిల్లు నడిపించారు. ఆ చోటికి అతని పేరే పెట్టారు. 1836 కల్లా లొవెల్ నగరమైంది. 1840 నాటికి అక్కడి మిల్లుల్లో దాదాపు 8,000 మంది కార్మికులు. వాళ్లలో ఎక్కువమంది ఆడపిల్లలు. న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ పల్లెల్లో రైతుల కూతుళ్లు. తమ్ముడి చదువు ఖర్చుకో, ఇంటి అప్పు తీర్చడానికో, తన చేతిలో నాలుగు డబ్బులు ఉండాలనో వచ్చినవాళ్లు. తెల్లవారకముందే గంట మోగేది. రోజుకు 12 నుంచి 13 గంటల పని. నూలు తెగకుండా గదిలో తేమ ఉండాలని కిటికీలు బిగించేసేవారు. గాలినిండా పత్తి పొట్టు. పుస్తకం లోపలికి తేకూడదని నియమం. పుస్తకంలోంచి చింపిన కాగితాన్నో, పత్రికలో కవితనో కిటికీ దగ్గర అంటించుకుని పని మధ్యలో చదువుకునేవారు. పదకొండో ఏట మిల్లులో చేరి, కవయిత్రిగా ఎదిగిన లూసీ లార్కమ్ అలా చదువుకున్న పిల్లే. ఆమె తల్లి మిల్లు పిల్లలకు వండిపెట్టే వసతిగృహం నడిపేది.

ఆ వసతిగృహాలకు సాటి భివండిలో బిస్సీ. ఊరు విడిచి వచ్చిన సాంచ (మరమగ్గం) కార్మికులకు నెలవారీ ఖాతా మీద రెండు పూటలా అన్నం పెట్టే ఇల్లు. చాలా బిస్సీల్లో వంట ఆడవాళ్లదే. జీతం అందినరోజు ముందు తీరేది బిస్సీ బాకీ. 1836లో లొవెల్ ఆడపిల్లలు మిల్లులు వదిలి వీధుల్లోకి వచ్చిన సమ్మెకు కారణం కూడా వసతిగృహం ఖర్చే. భోజనం బస ధర పెంచారంటే కూలి తగ్గించినట్టేనని వాళ్లు లెక్క తేల్చారు. అంతకు రెండేళ్ల ముందు, 1834లో, నేరుగా కూలి కోసినందుకు మొదటిసారి పని ఆపారు.

సారా బ్యాగ్లీ అనే నేతకార్మికురాలి పేరు ఇక్కడ చెప్పాలి. ఆమె ముందు నిలిచి 1840ల మధ్యలో లొవెల్ ఆడ కార్మికుల సంస్కరణ సంఘాన్ని నడిపింది. రోజుకు పది గంటల పని చాలని వేలమంది సంతకాలు పెట్టి రాష్ట్ర శాసనసభకు పంపారు. 1845లో శాసనసభ సంఘం విచారణ జరిపింది. కార్మికురాళ్లు స్వయంగా వెళ్లి సాక్ష్యం చెప్పారు. చట్టం అవసరం లేదని సంఘం తేల్చింది. ఆ సంఘం అధ్యక్షుడు విలియం షౌలర్‌ను మళ్లీ ఎన్నిక కానివ్వకూడదని, ఓటు హక్కే లేని ఆ ఆడవాళ్లు ఊరంతా ప్రచారం చేశారు. అతను ఓడిపోయాడు. మన పాఠ్యపుస్తకాల్లో అమెరికా అంటే వాషింగ్టన్, లింకన్ తప్ప ఇంకెవరూ కనిపించరు. బ్యాగ్లీని చదవని లోటు మనకుంది.

ఈ రాష్ట్రం మీద గౌరవంతో పాటు ఒక నిజం కూడా చెప్పాలి. 1783 నాటికే కోర్టు తీర్పులతో బానిసత్వం రద్దయిన మసాచుసెట్స్, దక్షిణాది బానిసలు ఏరిన పత్తితోనే మగ్గాలు నడిపింది. లొవెల్‌లో నేసిన ముతక బట్ట తిరిగి ఆ బానిసలకే కట్టుబట్టగా పోయేది. 1861లో అంతర్యుద్ధం మొదలై దక్షిణ రేవులు మూతపడగానే లొవెల్ మిల్లులు చాలా ఆగిపోయాయి. అదే సమయంలో బొంబాయి పత్తి ధర ఆకాశానికి అంటి, నగరం వాటాల పిచ్చిలో మునిగి, 1865లో యుద్ధం ముగియగానే కుప్పకూలింది. బొంబాయి మిల్లులు లేచింది ఆ తర్వాతి దశాబ్దాల్లో. వాటి పాత మగ్గాలే భివండికి చేరాయి. ఆ సంగతి కాసేపట్లో.

1845లో ఓడిన పది గంటల కోరిక 1874లో ఆడవాళ్లకూ పిల్లలకూ చట్టమైంది. దాన్ని గట్టిగా అమలుచేయడానికి ఇంకో ఐదేళ్లు పట్టింది. దానికి ముందే 1836లో, 15 ఏళ్లలోపు పిల్లల్ని మిల్లులో పెట్టుకోవాలంటే ఏడాదికి మూడు నెలలు బడికి పంపి తీరాలని చట్టం తెచ్చారు. 1842లో 12 ఏళ్లలోపు వాళ్లకు పది గంటల హద్దు పెట్టారు. హొరేస్ మాన్ 1837 నుంచి రాష్ట్ర విద్యామండలి కార్యదర్శిగా సర్కారు బడుల కోసం పన్నెండేళ్లు పోరాడాడు. 1852లో అమెరికాలో అందరికన్నా ముందు నిర్బంధ విద్య చట్టం తెచ్చింది ఈ రాష్ట్రమే. ఇంకో చిన్న చట్టం నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. పాతరకం నాడెలో కొత్త కండె పెట్టినప్పుడు, నాడె రంధ్రానికి పెదవులు ఆనించి పోగును నోటితో బయటికి పీల్చేవారు. ఒకరి ఎంగిలి నాడె ఇంకొకరి నోటికి. పత్తి పొట్టు, నూనె, క్షయ అన్నీ ఆ రంధ్రం గుండానే. 1911లో మసాచుసెట్స్ దాన్ని నిషేధించింది. లాంకషైర్‌లో ఆ అలవాటు ఇంకా దశాబ్దాల పాటు సాగింది. మగ్గం మీద వంగిన మనిషి పెదవి దాకా చట్టం రావడం చిన్న విషయం కాదు.

ఇవన్నీ ఊరికే రాలేదు. 1860 జనవరి 10న లారెన్స్ పట్టణంలో పెంబర్టన్ మిల్లు ఐదంతస్తుల భవనం పని జరుగుతుండగా కూలింది. నాసిరకం పోత ఇనుప స్తంభాలు, అంతస్తుల మీద మోయలేనన్ని యంత్రాలు. శిథిలాల్లో ఉన్నవాళ్లను వెతుకుతుంటే ఒక లాంతరు పడి నిప్పంటుకుంది. చనిపోయినవాళ్లు దాదాపు నూరుమంది. అదే లారెన్స్‌లో 1912 జనవరిలో, వారానికి 56 గంటలున్న పనిని చట్టం 54కు తగ్గించగానే యజమానులు ఆ రెండు గంటల కూలి కోసేశారు. ఇటాలియన్లు, పోలిష్‌వాళ్లు, లిథువేనియన్లు, సిరియన్లు, ఇరవైకి పైగా జాతుల కార్మికులు ఇరవై వేలమంది దాకా పని మానేశారు. ఎవరి మాట ఇంకొకరికి అర్థం కాకపోయినా సభల్లో ఒక్కో భాషలోకీ తర్జుమా చేసుకుంటూ రెండు నెలలు నిలబడ్డారు. మార్చి 14న కూలి పెంపుతో సమ్మె ముగిసింది. అదే ఏడాది, అమెరికాలో ఏ రాష్ట్రం కన్నా ముందు, ఆడవాళ్లకు కనీస వేతన చట్టం చేసింది మసాచుసెట్స్.

భివండి చదువరికి ఈ దశ మీద నా ప్రశ్న ఒకటే: ఇవన్నీ సాధించింది ఎప్పుడు? మగ్గాలు నడుస్తున్నప్పుడే. ఆగిపోయాక అడగడానికి యజమానీ ఉండడు, అడిగేవాళ్లూ ఊళ్లో ఉండరు.

ఎందుకంటే మగ్గాలు నిజంగానే పోయాయి. హోప్‌డేల్ అనే చిన్న ఊళ్లోని డ్రేపర్ కంపెనీలో జేమ్స్ నార్త్‌రప్ తయారుచేసిన స్వయంచాలక మగ్గం 1890ల మధ్యలో బజారుకొచ్చింది. కండె అయిపోగానే యంత్రమే కొత్త కండె పెట్టుకుంటుంది. ఒక మనిషి ఎన్నో మగ్గాలు చూసుకోవచ్చు. మసాచుసెట్స్‌లో పుట్టిన ఆ మగ్గాన్ని ఎక్కువగా కొన్నది కరోలినాలు, జార్జియాలాంటి దక్షిణ తీర రాష్ట్రాల కొత్త మిల్లులు. అక్కడ పత్తి పక్కనే, కూలి తక్కువ, సంఘాలు లేవు, పిల్లలతో పని చేయించుకున్నా అడిగేవాడు లేడు. 1920ల నడుమ కదుళ్ల సంఖ్యలో దక్షిణాది, మసాచుసెట్స్ ఉన్న న్యూ ఇంగ్లండు ప్రాంతాన్ని దాటిపోయింది. ఫాల్ రివర్, న్యూ బెడ్‌ఫర్డ్‌లలో చాలా మిల్లులు మూతపడ్డాయి. లొవెల్‌లో తొలినాటి మిల్లుల్లో మిగిలినవి 1950ల్లో మూతబడ్డాయి. చట్టాలు పెట్టబట్టే మగ్గాలు పోయాయని యజమానులు అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అనేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజముంది. లాభాలు పంచుకుని యంత్రాలు మార్చని పాత మిల్లుల తప్పు కూడా అంతే ఉంది. చట్టాలు లేని కరోలినాలు మాత్రం మగ్గాల్ని దాచుకోగలిగాయా? 2005లో అంతర్జాతీయ బట్టల కోటాలు ఎత్తేసే నాటికి అక్కడి మగ్గాలూ ఆసియాకు తరలిపోతున్నాయి.

మసాచుసెట్స్ కోలుకుంది. కోలుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. లొవెల్ జనం రెండు తరాలు నిరుద్యోగం చూశారు. కానీ పడిపోయినప్పుడు ఊతకు చదువుంది. 1861లో చార్టరు పొందిన ఎంఐటీ ఉంది. 1895లో మిల్లులకు మనుషుల్ని తయారుచేయడానికి పెట్టిన లొవెల్ టెక్స్‌టైల్ స్కూలు పెరిగి పెరిగి ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ మసాచుసెట్స్ లొవెల్ అయింది. నేడు ఆ వూరి తరగతి గదుల్లో తెలుగు పిల్లలు కంప్యూటర్ చదువుతున్నారు. బోస్టన్ చుట్టుపక్కల మందుల కంపెనీల్లో, సాఫ్ట్‌వేర్‌లో మనవాళ్ల కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 1978లో లొవెల్ మిల్లుల్ని కాలువలతో సహా జాతీయ చారిత్రక ఉద్యానంగా ప్రకటించారు. బూట్ మిల్లు మ్యూజియంలో పాత మగ్గాలు కొన్ని చూడవచ్చినవాళ్ల కోసం ఇప్పటికీ ఆడతాయి. ఆ చప్పుడు వినడానికి చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇస్తారు.

భివండిలో ఆ చప్పుడుకు బిరడాలు ఇచ్చేవాళ్లు లేరు. కామ్‌వారీ నది ఒడ్డున, ముంబైకి ఈశాన్యంగా, కల్యాణ్‌కు పొరుగున ఉన్న ఈ ఊరు పాతకాలపు చేనేత కేంద్రం. 1857 తిరుగుబాటు అణిచివేత తర్వాత ఉత్తరప్రదేశ్ తూర్పు జిల్లాల నుంచి వచ్చిన మోమిన్ నేతగాళ్లు ఇక్కడా, మాలేగావ్‌లోనూ స్థిరపడ్డారు. 1930ల్లో మరమగ్గాలు దిగాయి. బొంబాయి మిల్లులు పాతబడ్డాయని తీసేసిన మగ్గాల్ని కొని తెచ్చి, కరెంటు మోటారు తగిలించి, ఇంటి వెనక రేకుల షెడ్డులో నడిపారు. మన నేత జిల్లాల నుంచి, కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ నుంచి పద్మశాలీలు హైదరాబాద్ సంస్థానం రోజుల నుంచే షోలాపూర్‌కు, బొంబాయికి పోయేవారు. అదే దారి తర్వాత భివండి దాకా సాగింది. కొందరు సాంచ కార్మికులుగా మిగిలారు. కొందరు నాలుగు సాంచాలు కొని ఆసాములయ్యారు. సేటు దగ్గర నూలు తెచ్చి, మీటరుకింత చొప్పున నేసి ఇచ్చే పద్ధతి. మరికొందరు భివండిలో పని నేర్చుకుని సిరిసిల్లకు సాంచాలు తీసుకొచ్చారు. సిరిసిల్ల మరమగ్గాల ఊరుగా మారడం వెనక భివండి, షోలాపూర్ అనుభవం ఉంది.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ముంబై మిల్లు కార్మికులు రెండున్నర లక్షల మంది సమ్మెకు దిగారు. ఆ సమ్మె అధికారికంగా ముగిసిందే లేదు. మిల్లుల యజమానులు బట్టను భివండిలో నేయించుకున్నారు. ముంబై మిల్లు వాడలైన పరేల్‌లో, లాల్‌బాగ్‌లో పని పోయిన ఏళ్లలోనే భివండిలో షెడ్లు పుట్టగొడుగుల్లా లేచాయి. కరోలినా చేసిన పనే భివండి చేసింది. చట్టం, సంఘం, పీఎఫ్, ఎనిమిది గంటల పాళీ ఉన్న చోటి నుంచి అవేవీ లేని చోటికి మగ్గం కేవలం నలభై కిలోమీటర్ల లోపే నడిచి వచ్చింది. 1948 ఫ్యాక్టరీల చట్టం కరెంటుతో నడిచే చోట పదిమంది కార్మికులుంటేనే వర్తించేలా రాశారు. షెడ్డును తలో పేరు మీద ముక్కలు చేస్తే ఆ చట్టం గడప దాటి లోపలికి వచ్చేది కాదు.

ఒక షెడ్డులోకి వెళ్లి చూద్దాం. రెండు వరసల సాంచాల మధ్య మనిషి పక్కవాటుగా నడిచేంత సందు. నాడె అటూ ఇటూ కొట్టే చప్పుడుకు మాట వినపడదు, అంతా సైగలే. కార్మికుడు నాలుగు సాంచాలు చూస్తాడు, ఒక్కోచోట ఆరు, ఎనిమిది. ఇవి నార్త్‌రప్ మగ్గాలకు ముందుతరం సాదా మగ్గాలు. కండె అయిపోతే యంత్రం మార్చుకోదు. కొన్ని నిమిషాలకోసారి ఏదో ఒక సాంచ ఆగుతుంది. నాడె తీసి, ఖాళీ కండె లాగి, కొత్తది పెట్టి, పోగు ఎక్కించి మళ్లీ నడపాలి. ఈలోపు పక్క సాంచలో పడుగు తెగుతుంది. వంగి, తెగిన పోగు వెతికి ముడేయాలి. పన్నెండు గంటల పాళీ అంతా ఇదే. కూలి గంటకు కాదు, మీటరుకు. కరెంటు పోయినా, పడుగు బీము ఆలస్యమైనా, సాంచ బాగుచేసే జాబరు వచ్చేదాకా పని ఆగినా ఆ నష్టం కార్మికుడిదే.

పెంబర్టన్ గురించి రాసింది ఊరికే కాదు. 2020 సెప్టెంబరు 21 తెల్లవారుజామున భివండి పటేల్ కాంపౌండ్‌లో జిలానీ భవనం నిద్రలో ఉన్న కుటుంబాల మీద కూలింది. దాదాపు 40 మంది పోయారు. వాళ్లలో మరమగ్గాల కుటుంబాలు చాలా ఉన్నాయి. ఆ ఏడాది మార్చి లాక్‌డౌన్‌లో సాంచాలన్నీ ఒక్కసారి ఆగినప్పుడు, నాసిక్ రోడ్డు పట్టుకుని ఇళ్లకు నడిచిపోయిన వాళ్లలోనూ ఈ ఊరివాళ్లు వేలమంది.

మతం పేరు మీద ఊరు రెండుసార్లు తగలబడింది. 1970 మే అల్లర్ల మీద జస్టిస్ మదన్ కమిషన్ విచారణ జరిపింది. 1984లో మళ్లీ మంటలు. ఆ తర్వాత పోలీసులు, పౌరులు కలిసి పెట్టుకున్న మొహల్లా కమిటీల వల్ల 1992-93లో ముంబై తగలబడుతున్నా భివండి నిలిచింది. ఈ ఒక్క పనికే ఈ ఊరికి దేశం రుణపడి ఉంది. ఉర్దూ, భోజ్‌పురీ, ఒడియా, తెలుగు, మరాఠీ మాట్లాడే కార్మికులు మతకలహం ఆపడానికి ఒకచోట కూర్చోగలిగారు. కూలి రేటు కోసం అలా అందరూ ఒక్కచోట కూర్చున్న రోజులు మాత్రం తక్కువ.

దేశంలో ఇరవై లక్షలు దాటిన మరమగ్గాల్లో సగానికి దగ్గరగా మహారాష్ట్రలోనే ఉన్నాయి. వాటిలో భివండి వాటా పెద్దది. ఆ వాటా తరుగుతోంది. 2016 నోట్ల రద్దు, 2017 జీఎస్టీ, నూలు ధరల ఎగుడుదిగుళ్లు, కరెంటు బిల్లులు, సూరత్ వైపు కొత్త వేగపు మగ్గాలు, అన్నీ కలిసి చిన్న ఆసాముల నడుం విరిచాయి. పాత సాంచాలు కిలోల లెక్కన తుక్కుకు పోతున్నాయి. మాన్‌కోలి, రాహ్నాల్, కాల్హేర్ వైపు పొలాల్లో, షెడ్ల జాగాల్లో ఆన్‌లైన్ కంపెనీల గోదాములు లేచాయి. సాంచ కార్మికుల పిల్లలు కొందరు అక్కడ పార్శిళ్లు ఎత్తుతున్నారు. సిరిసిల్లలోనూ ఇదే సంక్షోభం. 2017 నుంచి తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన బతుకమ్మ చీరల ఆర్డరు కొన్నేళ్లు అక్కడి సాంచాల్ని ఆడించింది. భివండి తెలుగువాడికి అలాంటి ఆర్డరు ఇవ్వడానికి తెలంగాణా ముందుకు రాదు, మహారాష్ట్రా రాదు.

ఇప్పుడు పద్మానగర్‌లో చేయాల్సిన పని ఒకటి నాకు స్పష్టంగా కనిపిస్తోంది. లొవెల్ ఆడపిల్లల గురించి ఇంత వివరంగా రాయగలిగానంటే, 1840 నుంచి 1845 దాకా వాళ్లు స్వయంగా రాసి అచ్చేసిన లొవెల్ ఆఫరింగ్ పత్రిక వల్ల, వాళ్ల ఉత్తరాల వల్ల, శాసనసభ విచారణలో చెప్పిన సాక్ష్యం వల్ల. అలాంటి కాగితం భివండి తెలుగు కార్మికుల వైపు నుంచి చాలా తక్కువ. 1960ల్లో, 70ల్లో సాంచ పట్టినవాళ్లు ఇప్పుడు ముసలివాళ్లు. ఏ ఏడు ఎవరు వచ్చారు, మొదటి బతుకమ్మ ఏ వాడలో ఆడారు, మీటరు రేటు ఏ ఏడు ఎంత, బిస్సీ నెల ఖర్చు ఎంత, 1970లో ఎవరి ఇంట్లో ఎవరు తలదాచుకున్నారు, ఇవి వాళ్ల నోటి నుంచే రావాలి. మార్కండేయ సంఘాలు, పద్మశాలి సమాజాలు, అక్కడి తెలుగు టీచర్లు పూనుకుంటే ఒక ఏడాదిలో సేకరించవచ్చు. పాత కూలి పుస్తకాలు, బిస్సీ ఖాతాలు, సంఘం రసీదులు, ఫొటోలు ఉన్న పాఠకులు వాటి నకళ్లు ఈ పత్రిక చిరునామాకు పంపితే, వాటికి ఈ ధారావాహికలోనే చోటిస్తాం.

వచ్చే భాగం: షోలాపూర్ తూర్పు పేటల్లో పద్మశాలీల మగ్గాలు, వాళ్ల ఆడవాళ్ల బీడీ చాటలు.